చూచుట, దర్శించుట

దర్శనము అను మాటకు తెలుగులో రెండర్థములు కలవు. దేవుని కన్నులార చూచుట యొకటి; షడ్దర్శనములు అన్నచోట అదే మాటకు తత్త్వవిచారమని అర్థము. చూపునకును విచారమునకును ఒకే పేరు పెట్టిన పూర్వులు, ఊరక చూచుటకును, చూచి తెలిసికొనుటకును గల దూరమును బాగుగ ఎరిగినవారే. గుడికి పోయి వచ్చినవాడు "దేవుని చూచి వచ్చితిని" అని చెప్పుట అరుదు, "దర్శనమైనది" అనును. అట్లన్నప్పుడు చూచినవాడు తానొక్కడే కాడు. గర్భాలయములోని మూర్తియు తనను చూచెనను నమ్మకము ఆ మాటలో ఉన్నది. అందుచేతనే వరుసలో గంటసేపు నిలిచి అరనిమిషము మాత్రమే చూడగలిగినను భక్తునికి కొరత తోచదు.

ఈ చూపు గుడి వాకిటనే ఆగిపోవలెనా, లేక గుడి దాటి వీధిలోనికిని వచ్చునా అనునది ప్రశ్న. యాంగోను తెలుగు కుటుంబములు సెలవు దినములలో పిల్లలను వెంటబెట్టుకొని ప్యే రోడ్డులోని జాతీయ ప్రదర్శనశాలకు పోవుట కలదు. 1952లో జూబిలీ హాలులో ప్రారంభమై, 1970లో పన్సొడాన్ వీధికి మారి, 1996లో ఇప్పటి ఐదంతస్తుల భవనమునకు వచ్చిన శాల అది. జనులందరును మొదట చేరునది రాజుల సింహాసనము కడకే. బంగారు పూతను చూచి పెద్దలు చేతులు జోడింతురు, పిల్లలు సింహపు బొమ్మలను లెక్కపెట్టుదురు. నగలు, వీణలు, పాత శాసనములు అన్నింటి కడ కొంతసేపు నిలుతురు. ఇరువదవ శతాబ్దపు చిత్రముల గదికి వచ్చుసరికి మాత్రము నడక వేగమగును. "ఇందులో ఏమున్నది? పిల్లవాడు గీసినట్లున్నది" అని ఒకరు, "మనకేమి అర్థమగునులే" అని మరొకరు. నిజమునకు పిల్లవాడే అచ్చట కొంచెము ఆగి చూచుచుండును. పెద్దవారు చేయి పట్టి లాగుకొని పోవుదురు.

అర్థము కాదను మాటను ముందుగా పరీక్షింపవలసియున్నది. ఆ మాట అన్న ఇల్లాలే ఆనాటి ప్రొద్దున లేచి, గడప కడిగి, ముగ్గు పెట్టి వచ్చియుండును. మేడల మీద కాపురముండువారికి వాకిలి లేకపోయినను తలుపు ముందరి రెండడుగుల సిమెంటు మీదనైనను ముగ్గు పడవలసినదే. చుక్కలు పెట్టి, వాటి చుట్టును గీతను త్రిప్పు మెలికల ముగ్గు పువ్వు కాదు, పిట్ట కాదు, మనిషి కాదు. దాని అర్థమేమని ఆమెను ఎవరును అడుగరు. అడిగినచో నవ్వును. గీత ఎక్కడ మొదలైనదో అక్కడికే వచ్చి కలియవలెను, చుక్క యేదియు విడువబడరాదు, చేయి మధ్యలో వణకరాదు అని మాత్రము చెప్పును. పొరుగింటి ముగ్గులో ఎచ్చట పొరపాటు వచ్చినదో నడుచుచునే కనిపెట్టగల కన్ను ఆమెది. బొమ్మ లేని చిత్రమును తరతరములుగా గీయుచు వచ్చినవారికి బొమ్మ లేని చిత్రము అర్థము కాదనుట వింతగ నుండును.

ముగ్గు ఇంటి శుభము కొరకు, చిత్రము దేని కొరకు అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయినను దానిలో మరొక మాట దాగియున్నది: ముగ్గు మా ఇంటిది, ఆ చిత్రము మాది కాదు అని. శాలలోనికి అడుగు పెట్టినవాడు అతిథియా, ఇంటివాడా అను విషయము తేలనిదే అర్థమును గూర్చిన తగవు తెగదు.

రాజు కట్టించిన శాలలోనికి ప్రజ వచ్చినచో అది రాజు దయ. ధనికుడు కట్టించినచో వచ్చినవాడు అతిథి. నగరము తన పన్నులతో నడుపు శాలలో అతిథులు లేరు. పన్ను కట్టినవాడును ఇంటివాడే, ఆ భవనము ముందరి వీధి నూడ్చినవాడును ఇంటివాడే. జపానుదేశములో ఫుకువోకా యను రేవు పట్టణము కలదు. 2016 నుండి యాంగోనునకు అది సోదరి నగరము. ఆ నగరమువారు 1979లో ఒక కళాశాలను తెరచిరి. చిత్రములు పెట్టు శాల అని చదువరులు గ్రహింతురు గాక. తెలుగులో కళాశాల యనగానే కాలేజీ గుర్తు వచ్చుట భాష చేసిన చిలిపితనము. అది చాలదని 1999లో ఆసియా దేశముల ఆధునిక, సమకాలిక కళకై ప్రత్యేకముగ మరొక ప్రదర్శనశాలను, ఒక వర్తక భవనములోని ఏడవ, ఎనిమిదవ అంతస్తులలో నెలకొల్పిరి. 23 దేశముల, ప్రాంతముల చిత్రములను అందు సేకరించుచున్నారు. వాటిలో మయన్మారు ఒకటి. క్రింద బట్టల కొట్లు, పైన చిత్రములు. చేతి సంచితో వచ్చిన గృహిణి లిఫ్టు ఎక్కి, బర్మా చిత్రకారుడు వేసిన పటము ముందు నిలువవచ్చును.

యాంగోనులో నగరపాలకులు నడుపు అట్టి శాల లేదు. ఇచ్చటి ఆధునిక చిత్రకారులు తమ ప్రదర్శనలను తామే ఏర్పరచుకొనిరి. 1971లో కళాకారులు కలసి పన్సొడాన్ వీధిలోని సోఫేయర్ భవనములో నెలకొల్పిన లోకనాట్ గ్యాలరీ వాటిలో పేరుగన్నది. లోకనాట్ అనగా లోకనాథుడే. బర్మా నోట ఆ సంస్కృత పదము అట్లు మారినది. బాగ్దాదు నుండి వచ్చిన యూదు కుటుంబమువారు 1906లో కట్టించిన భవనమది. కట్టించినవారి పేరు దానికి నిలిచినది. ఇంగ్లండు నుండి తెప్పించిన గచ్చు పలకలను, స్కాట్లండు ఉక్కు దూలములను రేవులో దించినవారెవరో, మెట్ల మీదుగా మోసినవారెవరో ఏ గోడ మీదను లేదు.

ఇచ్చట పెద్దలు కొందరు మరొక ఆక్షేపణ చేయుదురు. వీధిలో గుంటలు పూడ్చలేని నగరము పటములు కొనుట దేనికి? దీపము వెలుగని ఇంటివానికి చిత్రమెందులకు? ఈ మాటను పరిహసించువాడు ఆకలిని ఎరుగనివాడు. అయితే రంగూను తెలుగువారి చరిత్రయే ఈ ఆక్షేపణకు కొంత అడ్డు వచ్చుచున్నది. ఒక గదిలో పదుల సంఖ్యలో మనుష్యులు, పగటివారు లేచిన చాప మీద రాత్రివారు పండుకొనిన రోజులలోనే, కూలి డబ్బులలో నుండి అణాలు కూర్చి రామమందిరములు లేపినారు, భజనకు మద్దెల, తాళములు కొనినారు, కోలాటము వేసినారు. కడుపు నిండిన తరువాతనే రాముడని వారు అనలేదు. అయినను ఒక భేదమున్నది. ఆ అణాలు వారు తమంతట తాము ఇచ్చినవి. పన్ను అట్లు కాదు. ఆకలితో నున్నవాని పన్నుతో కొన్న పటమును అతనికి చూపకుండ, టికెట్టు కొనగలవారికి మాత్రమే చూపు శాలయైనచో, పెద్దల ఆక్షేపణయే గెలుచును. దానికి సమాధానము లేదు.

ఇక పిచ్చిగీతలను మాట. దీనికి యాంగోనులోనే ఒక కథ జరిగినది. బగ్యీ ఆంగ్ సో అను బర్మా చిత్రకారుడు 1951లో భారత ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో శాంతినికేతనమునకు పోయెను. రవీంద్రనాథుడు నెలకొల్పిన ఆ చదువులయింట నందలాల్ బోసు మొదలైనవారి బోధ విని, తిరిగి రంగూనునకు వచ్చి పత్రికలకు బొమ్మలు వేయసాగెను. 1953లో ష్యూమావా పత్రికలో అచ్చయిన ఆయన బొమ్మను చూచి చదువరులు మండిపడిరి. పిచ్చివాని చిత్రమను అర్థము గల ఒక పేరును దానికి తగిలించిరి. ఆ పేరు ఆయనతో పోక, ఆ దేశములో కొత్త రీతిగ వేయబడిన ప్రతి చిత్రమునకును అంటుకొనినది. ఆయన వెనుదీయలేదు. జీవనమునకై దశాబ్దముల తరబడి పత్రికలకు అట్టలు, కథలకు బొమ్మలు వేసెను. చలనచిత్రములలో వేషములును వేసెను. 1990లో మరణించువరకు గీయుచునే యుండెను. చివరి యేండ్లలో కాగితము మీద స్కెచ్చి పెన్నులతో వేసిన చిత్రములకు, మనస్సు యొక్క మహాశక్తి అను అర్థము వచ్చు పాళీ పేరు పెట్టుకొనెను. వాటిలో అక్షరములు, అంకెలు, గళ్ళు గీసిన యంత్రములు, బుద్ధుని ఆకృతులు కలసియుండును. గుడిలో యంత్రమును, దాని గళ్ళలో బీజాక్షరములను చూచి యెరిగిన తెలుగువాడు ఆ చిత్రము ముందు నిలిచినచో, పరదేశములో ఎవరో తన ఊరి మాట ఆడినట్లు ఉలికిపడును.

పత్రికలలో వేసిన బొమ్మల గతి ఏమగునో అందరికిని తెలిసినదే. నెల తిరుగగానే ఆ పత్రిక పాత కాగితముల వానికి, వాని నుండి వేరుశెనగల పొట్లమునకు చేరును. ఒక దేశపు ఆధునిక చిత్రకళలో ఎంత భాగము అట్లు పొట్లములై పోయినదో! దాచుకొనవలెనను చూపు ఉండినచో కొన్నియైనను మిగిలియుండెడివి.

ఇందుమీద ఒక సందేహము. ఆ చిత్రము ఎవరికిని నచ్చకపోవచ్చును గదా? తప్పక పోవచ్చును. గుడికిని చిత్రశాలకును ఉన్న పెద్ద భేదము ఇచ్చటనే ఉన్నది. గుడిలో మూర్తి ముక్కు బాగుగ లేదనువాడు లేడు. ప్రాణప్రతిష్ఠ జరిగిన పిమ్మట ఆ మాటకు తావు లేదు. చిత్రశాలలో ప్రాణప్రతిష్ఠ లేదు. చేతులు జోడింపనక్కరలేదు, పూజారి లేడు, హారతి లేదు. నచ్చలేదని చెప్పు హక్కు అచ్చటికి వచ్చిన ప్రతివానికి కలదు. చిత్రకారులు తమలో తాము మెచ్చుకొని జనులను మూఢులనుటయు లోకములో జరుగుచున్నదే. అట్టి గర్వమునకు తల వంచనక్కరలేదు. అయినను నిలిచి చూచి నచ్చలేదనువాడును, గుమ్మము నుండియే పిచ్చిగీతలనువాడును ఒకే మాట ఆడుచున్నట్లు తోచినను, మొదటివాడు తీర్పు చెప్పుచున్నాడు, రెండవవాడు విచారణ లేకుండ శిక్ష వేయుచున్నాడు.

విచారణ లేని శిక్ష ఎట్టిదో రంగూను తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవుల నుండి ఓడలెక్కి వారు వచ్చిరి. కోరంగి రేవు పేరే వారందరికిని జాతిపేరైనది. గోదావరి ఒడ్డు ఎన్నడును చూడని శ్రీకాకుళపు పల్లెవాడును ఇచ్చట కోరంగివాడే. తెలుగుదేశములో వారి ఇండ్లవారు "రంగం పోయినాడు" అనిరి. రంగమనగా నాటకపు వేదికయు, యుద్ధభూమియు కూడ. పంపినవారు ఆ సంగతి తలచిరో లేదో. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు మెడకు తగులుకొని వచ్చినవాడు రేవులో దిగగానే అతనిని అందరును చూచిరి. వైద్యుడు టీకాల గుర్తు కొరకు చేతిని చూచెను. మేస్త్రి కండలను చూచెను. గుమాస్తా పద్దు చూచెను. రేవులో వలసవచ్చినవారి సంరక్షణాధికారిగ పనిచేసిన ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో రంగూనులోని భారతీయ కూలీలను గూర్చి ఒక గ్రంథమే వెలువరించెను. కూలి రేట్లు, పనులు, మేస్త్రిల పద్ధతి, బసల ఇరుకు అన్నియు అందు కలవు. ఆ కాలపు సంగతులకు అది ఈనాటికిని ఉపయోగించు పుస్తకము, ఆ అధికారిని నిందింపనక్కరలేదు. ఇందరు చూచినను, ఆ మనిషి ఏ పాట పాడుకొనుచు బస్తా ఎత్తెనో, ఎవరిని తలచుకొని ఓడ వైపు చూచెనో చూచినవారు లేరు.

1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. ఓడల యజమానులు వారి చోట బర్మా కూలీలను పెట్టిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే, బర్మా కూలీలను ఇక పొమ్మనిరి. పని దొరికెనని సంతసించి పెండ్లము చేత అన్నపు గిన్నె కట్టించుకొని వచ్చినవాడు రేవు గుమ్మము కడ తన చోట మరొకనిని చూచినప్పుడు ఏమగునో అదియే అయినది. అల్లరి రేవు నుండి నగరమంతట ప్రాకినది, ఎందరో చచ్చిరి. ఇరువురును ఓడల వర్తకులకు బస్తాలెత్తు చేతులు మాత్రమే. అంతవరకు అది వర్తకుల దోషము. అయితే ఆ దినములలో బర్మా కూలీ తెలుగు కూలీలో తన కూడు దొంగిలించువానిని మాత్రమే చూచెను, తెలుగు కూలీయు అట్లే చూచెను. ఎదుటివానిని నిలిచి చూచుట అను అలవాటు లేకపోవుట యెంత దూరము పోవునో ఇంతకంటె చెప్పనక్కరలేదు. చిత్రము ముందు నిలుచుటకును దీనికిని సంబంధమేమని అడుగువారుందురు. చిత్రమును చూచినవాడెల్ల పొరుగువానిని చూచునని ఎవరును హామీ ఇయ్యలేరు. చిత్రములను ప్రేమించి మనుష్యులను హింసించినవారు చరిత్రలో కావలసినందరు కలరు. అయినను పిల్లవానికి తనకు తెలియనిదాని యెదుట అరనిమిషము తొందరపడకుండ నిలుచుట నేర్పవలెనన్నచో, నెత్తురు చిందని చోట నేర్పుట మేలు గదా.

ఆంగ్ సో శాంతినికేతనమునకు పోవునాటికి అచ్చటి ఆవరణలో ఒక విగ్రహసముదాయము పదమూడేండ్లుగా ఎండకు వానకు నిలిచియున్నది. రామకింకర్ బైజ్ అను శిల్పి 1938లో చేసిన సంతాల్ కుటుంబము అది. మగవాడు భుజమున కావడి మోయుచున్నాడు; కావడి తట్టలో బిడ్డ ఉన్నది. ప్రక్కన నెత్తిన బరువుతో ఆడుది, వెంట ఒక కుక్క. పని వెదకుకొనుచు ఊరు విడిచి పోవుచున్న కూలివారు. పాలరాయి కాదు, కంచు కాదు. సిమెంటు, ఎర్ర కంకర కలిపి ఇనుప చువ్వల మీద మెత్తినది. ఏ వస్తువును కూలివాడు నెత్తిన మోయునో ఆ వస్తువుతోనే కూలివానిని నిలిపినాడు. దానికి తలుపు లేదు, కాపలా గది లేదు. దారిని పోవు సంతాలులును దానిని చూచుచు పోవుదురు. దేవతలకును రాజులకును తప్ప ఎవరికిని లేని కొలతలో తమవంటివారు నిలిచియుండుట చూచి వారేమనుకొనిరో!

రంగం వచ్చిన తెలుగువాడు ఆ విగ్రహము ముందు నిలిచినచో ఒక్క సంగతిని వెంటనే గమనించును. సంతాలు కుటుంబము కలసి నడచుచున్నది. రంగం వచ్చినవారిలో ఎక్కువ మంది ఒంటరి మగవారు. కావడి ఒక తట్ట ఇచ్చట, రెండవ తట్ట సముద్రము ఆవల. ఇట్టి మాట చరిత్ర పుస్తకములో ఉండదు. ఎవరో వంగదేశపు శిల్పి వేరెవరినో గూర్చి చేసిన పని చూచినప్పుడు అది తోచును. అందుచేత ఏది మనవారిది, ఏది పరులది అని శాల గుమ్మము కడనే పంచిపెట్టుట అంత సులభము కాదు. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరములో పుట్టి, 1925లో ఇరువదియేడేండ్ల ప్రాయమున మశూచితో మరణించిన దామెర్ల రామారావు పేరుగన్న పటములలో సిద్ధార్థ రాగోదయము ఒకటి. ఆయన పేరిట నెలకొన్న చిత్రశాల ఆ ఊరిలోనే ఉన్నది. బర్మా బౌద్ధుడు ఆ పటమును చూచినచో తనది కాదనునా? తెలుగువాడు దానిని వదలుకొనునా?

ఈనాటి సమకాలిక కళ మరొక చిక్కు తెచ్చిపెట్టినది. 1917లో న్యూయార్కులో మార్సెల్ ద్యుషాం అను ఫ్రెంచి కళాకారుడు మగవారి మూత్రశాలలో అమర్చు పింగాణీ పాత్రను కొని, దానిపై ఒక దొంగ సంతకము చేసి, శిల్పమని ప్రదర్శనకు పంపెను. నిర్వాహకులు దానిని ప్రదర్శింపలేదు. అసలు పాత్ర పోయినది. తరువాత చేయించిన నకళ్ళు ఇప్పుడు గొప్ప గొప్ప మ్యూజియములలో అద్దపు పెట్టెలలో ఉన్నవి. చదువుకొన్నవారు దానిని చూచి ముసిముసి నవ్వులు నవ్వుదురు. పురపాలక సంఘపు చీపురును, పాకీ బండిని పట్టి రంగూనును శుభ్రముగ ఉంచిన తెలుగువారి మనుమడు అంత తేలికగ నవ్వలేడు. ఆ పాత్రను కడిగిన చేతులు అతనికి తెలియును. కళాకారుడు తెచ్చి పెట్టని అర్థమొకటి, చూచువాడే తన వెంట తెచ్చుకొని ఆ శాలలో పెట్టును. నగరపు శాలకు అట్టివారు రావలసిన అవసరము పండితులు రావలసిన అవసరము కంటె తక్కువది కాదు.

పనిముట్టును పని నుండి తొలగించి, పీఠముపై నుంచి, నలుగురిచేత చూపించుట ఫ్రెంచివాడు కనిపెట్టినది కూడ కాదు. దసరాకు ప్రతి తెలుగు ఇంటను జరుగు ఆయుధపూజ అదియే గదా. ఆనాడు కత్తెర కోయదు, సుత్తి కొట్టదు. పసుపు కుంకుమలు పెట్టించుకొని కూర్చుండును. ఏడాదియంతయు కంటి ముందున్నను కనబడని వస్తువు ఆ ఒక్కనాడు కనబడును.

రేవు కూలీలు బియ్యపు బస్తాలెత్తుటకు చేతిలో ఇనుప కొక్కెమును వాడెడివారు. అట్టివి మిగిలియున్న ఇండ్లు ఎక్కువ లేవు. 1942లో కాలినడకను పోయినప్పుడును, 1964 తరువాత ఓడలెక్కినప్పుడును జనులు మోయగలిగినది మాత్రమే మోసిరి. ఇనుము ఎవరు మోయుదురు? ఎచ్చటనో ఒక ఇంట, పాత పెట్టెలో, పిడి అరిగిన కొక్కెము ఒకటి ఉన్నదనుకొనవచ్చును. దసరాకు దానికి బొట్టు పెట్టుచున్నారనియు అనుకొనవచ్చును. యాంగోనులో నగరము నడుపు ఆధునిక కళాప్రదర్శనశాల ఒకనాడు ఏర్పడి, ఎవరో బర్మా యువకళాకారిణి వచ్చి, తెల్లని గోడ మీద దానిని ఒంటరిగ వ్రేలాడదీయుదునని అడిగినచో ఆ ఇంటివారేమి చేయవలెను?

ఇచ్చినచో నగరమంతయు దానిని చూచును. పాత ఇనుపసామానువాని తక్కెడకు పోవు భయము తీరును. సింహాసనము సంగతి ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది: బ్రిటిషువారు దానిని మండలే నుండి కలకత్తాకు తరలించిరి, 1948లో అది తిరిగి వచ్చినది, కోటలో మిగిలియున్న సింహాసనములు 1945లో కోటతోబాటు కాలి బూడిదయైనవి. ఎత్తుకొనిపోబడినదే దక్కినది. దక్కినదని చెప్పి ఎత్తుకొనిపోవుట న్యాయమైనదని అనువాడు ఎవడును ఉండడు. అడిగి తీసికొనుట వేరు, అడుగక తీసికొనుట వేరు; కొక్కెము విషయమున అడుగుచున్నారు. అయితే ఇచ్చినచో దానిని చూచువారు వేయిమంది, బొట్టు పెట్టువారు ఒక్కరును లేరు. ఇయ్యనిచో బొట్టు పెట్టు చేయి ఒకటి ఉన్నది, ఆ చేయి ఉన్నన్నాళ్ళు మాత్రమే.

ఇంటిలోని కుర్రవారు వెంటనే ఇచ్చివేయుద మందురు. పెద్దామె కొంతసేపు ఆలోచించి, దసరా వెళ్ళిన పిమ్మట వచ్చి తీసికొనిపొండని చెప్పును. ఆ పైన, ఏటా ఆ ఒక్కనాడు దానిని మరల ఇంటికి తెచ్చి, సాయంకాలము వరకు ఉంచి తీసికొనిపోవుదురా అని అడుగును. శాల అధికారి తన నియమావళిని తీసి, పుటలు త్రిప్పి చూడవలసి వచ్చును.